ఆకాశ విన్యాసాలు: కంప్యూటర్ పునఃపరిశీలనలో కెమెరా దృశ్యాల వినియోగం

బెంగళూరులోని విమాన కర్మాగారాలకు, పరీక్షా కేంద్రాలకు చేరువలో ఉన్నందున హోసూరు, సూళగిరి, కృష్ణగిరి ప్రాంతాల ప్రజలకు శిక్షణ విమానాల రొద కొత్త కాదు. హోసూరు సమీపాన బెళగొండపల్లిలో తనేజా ఏరోస్పేస్ అండ్ ఏవియేషన్ సంస్థకు సొంత రన్‌వే ఉంది. ఇటలీకి చెందిన పార్టెనావియా నమూనా తేలికపాటి విమానాలు 1990లలో అక్కడ తయారయ్యాయి. నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రూపొందించిన ‘హంస’ శిక్షణ విమానాలు సైతం అక్కడే రూపుదిద్దుకొన్నాయి. అయితే విమానయానానికి, ఈ జిల్లాకు గల సంబంధంలో మరువరాని ఘట్టం వేరొకటి ఉంది. 2011 ఏప్రిల్ 28న హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి హెచ్‌జెటి-36 ‘సితార’ శిక్షణ జెట్ విమానం పరీక్షా ప్రయాణంలో ఉండగా హోసూరు సమీపాన కృష్ణగిరి జిల్లాలో కూలిపోయింది. పైలట్లు ఇద్దరూ ఎజెక్షన్ సీట్ల సహాయంతో బయటపడి ప్రాణాలు దక్కించుకొన్నారు.

ఇటువంటి ప్రయాణాలలోనూ, విన్యాస ప్రదర్శనలలోనూ, పోటీలలోనూ విమానం నేలకు దిగిన తరువాత మరొక పని మొదలవుతుంది. ఎగిరినదంతా తిరిగి చూడాలి. పైలట్ జ్ఞాపకం నుంచి చెప్పే మాట ఒకటి, కింద నిలిచి చూసినవారు చెప్పే మాట మరొకటి, విమానంలోని పరికరాలు నమోదు చేసిన అంకెలు ఇంకొకటి. ఈ మూడింటిని ఒకచోట చేర్చి, కంప్యూటర్ తెరపై విమానాన్ని మళ్లీ ఎగిరించి చూపే సాఫ్ట్‌వేర్‌నే పునఃపరిశీలనా సాఫ్ట్‌వేర్ అంటారు. ఈ పద్ధతికి మూలం 1970 దశకంలో అమెరికా సైనిక విమాన దళాలు తమ శిక్షణ కోసం నెలకొల్పుకొన్న నమోదు వ్యవస్థలు. నాడు దానికి పెద్ద పెద్ద భూకేంద్రాలు కావలసి వచ్చాయి. నేడు అరచేతిలో ఇమిడే జీపీఎస్ పరికరం, ఒక సాధారణ కంప్యూటర్ ఉంటే దాని చిన్న రూపం ఎవరికైనా అందుతుంది. టాక్‌వ్యూ వంటి సాఫ్ట్‌వేర్లు సిమ్యులేటర్ల నమోదులతో పాటు నిజ ప్రయాణాల జీపీఎస్ నమోదులను కూడా చదివి ముమ్మూర్తులా చూపగలవు.

ఇందులో అందరినీ ఆకర్షించేది కెమెరా దృశ్యాల మార్పు. ఒక మీట నొక్కితే కాక్‌పిట్ లోపలికి, మరొకటి నొక్కితే విమానం వెనుకకు, ఇంకొకటి నొక్కితే నేలపైకి వెళ్లవచ్చు. ఏ దృశ్యం ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో, ఏ ప్రశ్నకు అబద్ధం చెబుతుందో తెలియకపోతే ఈ సౌకర్యమే మోసం చేస్తుంది.

విన్యాసానికి కొలత

విన్యాస విమానయానం అంటే కేవలం గిరికీలు కొట్టడం కాదు. పోటీలలో దీనికి కఠినమైన వ్యాకరణం ఉంది. స్పెయిన్ దేశీయుడైన హోసే లూయిస్ అరెస్టీ ప్రతి విన్యాసానికి ఒక గుర్తును కల్పించి పట్టిక తయారుచేశాడు. సంగీతానికి స్వరలిపి ఎటువంటిదో ఈ రంగానికి అరెస్టీ లిపి అటువంటిది. అంతర్జాతీయ పోటీలలో పైలట్ ఒక్కొక్క వైపు 1000 మీటర్ల కొలత గల ఊహా పేటికలోనే తన విన్యాసాలన్నీ పూర్తిచేయాలి. న్యాయనిర్ణేతలు ఆ పేటిక అంచుకు కొంత దూరంలో, నేలపై కుర్చీలు వేసుకొని కూర్చొని, ఒక్కొక్క విన్యాసానికి 10 మార్కుల నుంచి తగ్గిస్తూ వస్తారు. రేఖ 5 డిగ్రీలు తప్పితే ఒక మార్కు పోయినట్లే.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, దీనిని తెలియనివారే ఎక్కువ. లూప్‌ను, అంటే నిలువు వృత్తాన్ని, న్యాయనిర్ణేతలు విమానం నడిచిన దారిని బట్టి కొలుస్తారు. గాలి వీస్తున్నా సరే, నేలపై నుంచి చూసినప్పుడు అది గుండ్రంగానే కనబడాలి. నిలువుగా పైకి పోయే రేఖను మాత్రం విమానం నిలిచిన భంగిమను బట్టి కొలుస్తారు. విమానం నిటారుగా ఉంటే చాలు, గాలికి పక్కకు కొట్టుకుపోయినా తప్పు పట్టరు. అనగా ఒకే ప్రయాణంలో ఒక విన్యాసానికి దారి ముఖ్యం, మరొక దానికి భంగిమ ముఖ్యం. సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండూ తెలిసి ఉండాలి. తెలుసునా అన్నదే మొదటి ప్రశ్న.

అంకెలలో ఉన్నదే తెరపై

జీపీఎస్ చెప్పేది విమానం ఎక్కడ ఉన్నదన్న విషయమే. ముక్కు ఎటు చూస్తున్నదో, రెక్కలు ఎంత వాలి ఉన్నాయో దానికి తెలియదు. కనుక జీపీఎస్ నమోదు మాత్రమే ఇచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. దారి ఎటు పోతే ముక్కు అటే ఉన్నదనుకొంటుంది. దారి వంపును బట్టి రెక్కల వాలును లెక్కగడుతుంది. మామూలు ప్రయాణంలో ఈ ఊహ చాలావరకు సరిపోతుంది. ఎడ్లబండి జాడను చూసి బండి ఏ ముఖంగా పోయిందో చెప్పినట్లే. విన్యాసంలో మాత్రం ఇదే ఊహ తలకిందులవుతుంది. తిన్నగా పోతూ పూర్తి రోల్ చేసిన విమానం దారి ఇంచుమించు సరళరేఖే; జీపీఎస్ దృష్టిలో అక్కడ ఏమీ జరగలేదు. నిలువుగా ఎక్కి, వేగం చచ్చి, తోక ముందుగా జారిపడే టెయిల్ స్లైడ్ విన్యాసంలో దారి కిందికి, ముక్కు పైకి ఉంటాయి. ఊహించే సాఫ్ట్‌వేర్ అక్కడ ముక్కును కిందికి తిప్పేసి చూపుతుంది. తెరపై బొమ్మ ఎంతో నున్నగా, నమ్మదగినదిగా ఉంటుంది. జరిగినది మాత్రం అది కాదు.

భంగిమ తెలియాలంటే గైరోలు, త్వరణ మాపకాలు గల పరికరం విమానంలో ఉండాలి. అప్పుడు కూడా సెకనుకు ఎన్నిసార్లు నమోదు చేస్తున్నదో చూడాలి. పోటీ విమానాలలో కొన్ని సెకనుకు 360 డిగ్రీలకు మించి దొర్లగలవు. సెకనుకు ఒక్కసారి నమోదు చేసే పరికరానికి అటువంటి విమానం మొదలుపెట్టినప్పుడు ఎలా ఉందో, ముగించినప్పుడూ అలాగే ఉంటుంది. నడుమ జరిగిన రోల్ మొత్తం మాయమవుతుంది. సెకనుకు 10 సార్లు నమోదు చేసినా రెండు నమోదుల మధ్య 36 డిగ్రీల తేడా వస్తుంది. 5 డిగ్రీలకు ఒక మార్కు పోయే ఆటలో 36 డిగ్రీల కొలబద్దతో తీర్పు చెప్పలేము. సెకనుకు 50 సార్లో, 100 సార్లో నమోదైతే అప్పుడు ఆ బొమ్మకు విలువ.

కాబట్టి ఏ కెమెరా దృశ్యాన్నయినా తెరిచే ముందు ఆ నమోదు ఎలా పుట్టిందో తెలుసుకోవడం తప్పనిసరి. మంచి సాఫ్ట్‌వేర్లు నమోదు చుక్కలను విడివిడిగా చూపే ఏర్పాటు ఇస్తాయి. చుక్కల మధ్య గీత కంప్యూటర్ కలిపినది, చుక్క ఒక్కటే పరికరం చెప్పినది.

కాక్‌పిట్ దృశ్యం

పైలట్ కూర్చున్న చోటి నుంచి చూపే దృశ్యం ఇది. కొత్తగా నేర్చుకొనేవారు సహజంగా దీనినే ముందు తెరుస్తారు. పైలట్ ఆ క్షణంలో దేనిని చూడగలిగాడో, దేనిని చూడలేకపోయాడో తెలుసుకోవడానికి ఇంతకు మించినది లేదు. లూప్ పైకి ఎక్కుతున్నప్పుడు ఎదుట క్షితిజరేఖ పూర్తిగా కనుమరుగవుతుంది. అప్పుడు పైలట్ తల పక్కకు తిప్పి రెక్క కొనను క్షితిజంతో పోల్చుకోవాలి. పునఃపరిశీలనలోనూ అదే విధంగా కెమెరాను ఎడమకు తిప్పి చూస్తే, రెక్క ఎక్కడ వాలిందో ఇట్టే తెలిసిపోతుంది. చాలామంది ఎదుటి దృశ్యాన్నే చూస్తూ, ఆకాశపు నీలం తప్ప మరేమీ కానక విసుగు చెందుతారు.

కాక్‌పిట్ దృశ్యానికి ఉన్న లోపం, అది శరీరాన్ని చూపలేదు. లూప్ అడుగున పైలట్‌పై పడే బరువు తెరపై తెలియదు. దీనికి పదకొండవ తరగతి భౌతికశాస్త్రంలోని నిలువు వృత్తం లెక్క చాలు. 100 మీటర్ల వ్యాసార్ధం గల లూప్‌ను విమానం సెకనుకు 70 మీటర్ల వేగంతో, అంటే గంటకు 252 కిలోమీటర్లతో, ఆరంభించిందనుకొందాం. ఇంజను తోపును, గాలి నిరోధాన్ని ప్రస్తుతానికి విడిచిపెడితే, అడుగున పైలట్ తన బరువుకు 6 రెట్లు మోస్తాడు. 60 కిలోల మనిషికి తన దేహమే 360 కిలోల మూట అవుతుంది. అదే లూప్ శిఖరానికి చేరేసరికి వేగం సెకనుకు 31 మీటర్లకు పడిపోయి, బరువు ఇంచుమించు సున్న అవుతుంది. ఆరు రెట్ల నుంచి సున్నకు, తిరిగి ఆరు రెట్లకు ఈ మార్పంతా కొద్ది సెకన్లలోనే. అందుచేత కాక్‌పిట్ దృశ్యం పక్కనే జి-భారపు గ్రాఫును తెరిచి ఉంచుకోవాలి. ‘ఇక్కడ ఎందుకు చూసుకోలేదు?’ అని పైలట్‌ను నిలదీసే ముందు ఆ క్షణాన అతని మెడపై ఎంత భారం ఉందో చూడడం న్యాయం.

వెన్నంటే దృశ్యం, నిలకడ దృశ్యం

విమానం వెనుక, కాస్త ఎత్తున, తాడు కట్టినట్లు వెంబడించే కెమెరాను చేజ్ వ్యూ అంటారు. వీడియో ఆటలకు అలవాటు పడినవారికి ఇది ప్రీతిపాత్రం. అందంగా ఉంటుంది. విమర్శకు మాత్రం ఇది మెతక దృశ్యం. విమానం తిరిగితే కెమెరా కూడా తిరుగుతుంది కాబట్టి విమానం చేసిన తప్పులో కొంత కెమెరా మింగేస్తుంది. 10 డిగ్రీలు దిశ తప్పినా తెరపై విమానం నడిమధ్యనే నిలిచి కనబడుతుంది.

దీనికి విరుగుడుగా ఉన్నది నిలకడ దృశ్యం. ఉచితంగా లభించే ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్‌లో దీనికి హెలికాప్టర్ వ్యూ అని పేరు. ఇందులో కెమెరా విమానంతో పాటు సాగుతుంది, కానీ విమానం ఎటు తిరిగినా తాను తిరగదు. ఉత్తరంగా చూస్తుంటే చివరిదాకా ఉత్తరంగానే చూస్తుంది. రోల్ ఎక్కడ ఆగింది, ముక్కు ఏ దిశలో తేలింది అన్నవి కొలవడానికి ఇదే తగిన దృశ్యం. శిక్షకులు మొదట దీనిని అలవాటు చేయించి, ఆ తరువాత వెన్నంటే దృశ్యాన్ని చూపడం మేలు.

నేల నుంచి చూస్తే

పోటీలో మార్కులు వేసేది నేలపై ఉన్నవారు. కనుక నేలపై ఒక చోట కెమెరాను పాతి, విమానం వెంట తల తిప్పుతూ చూసే దృశ్యం అన్నింటికన్నా ముఖ్యం. ఫ్లైట్‌గేర్‌లో టవర్ వ్యూ, అంటే విమానాశ్రయపు గోపురం నుంచి చూసే దృశ్యం, ఈ పనికి వస్తుంది.

దృష్టిభ్రమ ఎలా కలుగుతుందో చిన్న లెక్కతో చూడవచ్చు. న్యాయనిర్ణేతకు 700 మీటర్ల దూరాన, నేలకు 200 మీటర్ల ఎత్తు నుంచి 400 మీటర్ల ఎత్తు దాకా సంపూర్ణమైన వృత్తం గీసిన విమానం ఉందనుకొందాం. అతని కంటికి లూప్ కింది సగం 7.3 డిగ్రీల కోణంలో, పై సగం 6.5 డిగ్రీల కోణంలో కనబడుతుంది. అంటే నిజానికి గుండ్రంగా ఉన్న లూప్ పైభాగం దాదాపు పదో వంతు నొక్కుకుపోయినట్లు తోస్తుంది. పేటిక దూరపు అంచున ఒక రకంగా, దగ్గరి అంచున మరొక రకంగా కనబడుతుంది. అనుభవం గల న్యాయనిర్ణేతలు దీనిని మనసులోనే సవరించుకొంటారు. పునఃపరిశీలనలో అదే లూప్‌ను నేల దృశ్యంలోనూ, పక్క నుంచి అదే ఎత్తున చూసే సమతల దృశ్యంలోనూ ఒకదాని వెంట ఒకటి చూస్తే, తప్పు విమానానిదా, కంటిదా అన్నది తేలిపోతుంది. పైలట్లకు, న్యాయనిర్ణేతలకు నడుమ వచ్చే తగవులలో ఎన్నో ఈ రెండు దృశ్యాల వద్దే తీరగలవు.

పై నుంచి నిట్టనిలువుగా కిందికి చూసే దృశ్యం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది గాలి కోసం. సెకనుకు 8 మీటర్ల గాలి వీస్తుంటే, సవరించుకోని విమానం ఒక నిమిషంలో 480 మీటర్లు కొట్టుకుపోతుంది. పేటికలో సగం అక్కడే చెల్లిపోయినట్లు. ఏ విన్యాసం వద్ద గాలికి ఎదురు తిరిగి ఉంటే పేటికలో నిలిచేవాడో పై దృశ్యంలో ఒక్క చూపుకే తెలుస్తుంది.

గుంపుగా ఎగిరినప్పుడు

భారత వైమానిక దళపు సూర్యకిరణ్ బృందం 1996లో బీదరులో ఏర్పడింది. తొలుత కిరణ్ మార్క్-2 విమానాలతో, 2011లో ఆగి, 2015లో హాక్ విమానాలతో తిరిగి ప్రదర్శనలు ఇచ్చింది. బెంగళూరు యలహంకలో రెండేళ్లకొకసారి జరిగే ఏరో ఇండియా ప్రదర్శనకు ఈ సరిహద్దు జిల్లా నుంచి కూడా జనం తరలివెళతారు. 2019 ఫిబ్రవరి 19న ఆ ప్రదర్శనకు ముందురోజు అభ్యాసంలో సూర్యకిరణ్ విమానాలు రెండు ఆకాశంలోనే ఢీకొని కూలాయి. వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ మరణించారు. తెలుగు నేలపైనా అటువంటి దుఃఖం ఉంది. 2010 మార్చి 3న హైదరాబాదు బేగంపేట ప్రదర్శనలో నౌకాదళపు సాగర్ పవన్ బృందంలోని విమానం ఒకటి న్యూ బోయినపల్లిలో ఇళ్ల నడుమ కూలి, కమాండర్ సురేశ్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ అసువులు బాశారు. బృంద విన్యాసంలో పునఃపరిశీలన వేడుక కోసం కాదని ఈ పేర్లు గుర్తుచేస్తాయి.

బృంద పరిశీలనకు సాఫ్ట్‌వేర్లలో ఒక విమానంలో కూర్చొని మరొక విమానాన్ని చూపు మరల్చక చూసే దృశ్యం ఉంటుంది. పక్క విమానపు పైలట్‌కు నాయకుడి విమానం ఏ కోణంలో కనబడిందో అందులో తెలుస్తుంది. అయితే ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్తపడాలి. మొదటిది దూరం. బృందంలో విమానాల నడుమ ఎడం కొద్ది మీటర్లే. మామూలు జీపీఎస్‌లో పొరపాటు కూడా కొద్ది మీటర్లే. కొలబద్ద పొరపాటు, కొలవవలసిన దూరం ఒకే స్థాయిలో ఉన్నప్పుడు తెరపై రెక్కలు తాకినట్లు కనబడినా, ఎడంగా కనబడినా దానికి అర్థం లేదు. సవరణ సంకేతాలతో పనిచేసే మేలిరకం జీపీఎస్ ఉంటే తప్ప ఆ ప్రశ్నను తెరను అడగరాదు.

రెండవది కాలం. ఒక్కొక్క విమానంలో ఒక్కొక్క పరికరం నమోదు చేస్తుంది. సెకనుకు 150 మీటర్ల వేగంతో పోయే విమానాల నమోదులలో గడియారాలు సెకనులో పదో వంతు తేడాగా ఉన్నా 15 మీటర్ల దూరం తప్పుతుంది. పరికరాలన్నీ జీపీఎస్ కాలాన్నే వాడితే ఈ చిక్కు ఉండదు; వీడియో కెమెరాల గడియారాలను నమ్మినచోటనే ఇది వస్తుంది.

మూడవది కెమెరా కంటి వెడల్పు. దృశ్యాన్ని దగ్గరకు లాగి చూస్తే ముందు వెనుకల విమానాలు ఒకదానికొకటి ఆనుకొన్నట్లు కనబడతాయి. వెడల్పు చేసి చూస్తే దూరం దూరంగా, వేగంగా పోతున్నట్లు కనబడతాయి. పెళ్లి ఫోటోలో వెనుక వరుసవారు ముందు వరుసవారి భుజాలపై కూర్చున్నట్లు పడడం వంటిదే ఇది. పోల్చి చూసే రెండు ప్రయాణాలకూ కంటి వెడల్పు ఒకటే ఉండాలన్నది మరువరాదు. నిత్యం వాడేవారు సైతం ఇక్కడ తప్పటడుగు వేయడం కద్దు.

బొంగరం వలె తిరిగినప్పుడు

ఇక సితార విమానం వద్దకు రావాలి. 2003 మార్చి 7న తొలిసారి ఎగిరిన ఈ విమానం, కొత్త పైలట్లకు రెండవ దశ శిక్షణ కోసం ఉద్దేశించినది. శిక్షణ విమానానికి ఒక ప్రత్యేక అర్హత కావాలి. నేర్చుకొనే యువకుడు పొరపాటున వేగం పోగొట్టుకొని, రెక్కలు గాలి పట్టు తప్పి, విమానం బొంగరం వలె తిరుగుతూ కిందికి పడడం మొదలుపెడితే, నేర్పిన విధంగా మీటలు కదిపినప్పుడు అది తప్పక తేరుకోవాలి. ఈ తిరుగుడునే స్పిన్ అంటారు. సితారకు అడ్డుగోడగా నిలిచినవి ఈ స్టాల్, స్పిన్ పరీక్షలే. విమానపు తోక భాగంలో మార్పులు చేసిన పిమ్మట 2019 ఏప్రిల్‌లో అది మళ్లీ ఎగిరింది. 2022 జనవరిలో కుడి ఎడమలు రెండువైపులా ఆరేసి చుట్ల స్పిన్ చేసి తేరుకొన్నట్లు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ప్రకటించింది. 2025 ఫిబ్రవరి ఏరో ఇండియాలో దానికి ‘యశస్’ అని కొత్త పేరు పెట్టారు.

స్పిన్‌ను తిరిగి చూడడం అన్నింటిలోకి కష్టం. జీపీఎస్ దృష్టిలో స్పిన్ అంటే విమానం ఇంచుమించు నిట్టనిలువుగా కిందికి దిగడమే. గిరగిర తిరుగుడు దానికి కానరాదు. వెన్నంటే దృశ్యంలో కెమెరా కూడా గిరగిర తిరిగి, చూసేవారికి కళ్లు తిరగడం తప్ప చుట్ల లెక్క తేలదు. కాక్‌పిట్ దృశ్యంలో నేల సుడిగుండమై కనబడుతుంది. పైలట్ అనుభవం అర్థమవుతుంది కానీ విమానపు ప్రవర్తన అర్థం కాదు. ఇక్కడ అక్కరకు వచ్చేది నిలకడ దృశ్యం. విమానం ఒకే దిశను ఎన్నిసార్లు దాటిందో లెక్కబెడితే చుట్లు తెలుస్తాయి. ప్రతి చుట్టులో ముక్కు ఎంత కిందికి దిగింది, ఎంత పైకి లేచింది, తిరుగుడు వేగం పెరుగుతున్నదా, నిలకడగా ఉన్నదా అన్నవి గమనించాలి. ముక్కు క్రమంగా క్షితిజం వైపు లేచి, విమానం చదునుగా పడుకొని తిరగడం మొదలైతే అది ప్రమాద సూచన.

దృశ్యం పక్కనే నియంత్రణ మీటల స్థానాలు కనబడాలి. ఎక్కువ విమానాలలో తేరుకొనే పద్ధతి ఇంజను శక్తి తగ్గించి, ఐలరాన్‌లను నడుమకు తెచ్చి, తిరుగుడుకు ఎదురు దిశలో చుక్కానిని పూర్తిగా తొక్కి, స్టిక్‌ను ముందుకు నెట్టడం. చుక్కాని తొక్కిన క్షణానికీ, తిరుగుడు ఆగిన క్షణానికీ నడుమ ఎన్ని చుట్లు గడిచాయి, ఎన్ని మీటర్ల ఎత్తు పోయింది అన్నవే కొలవవలసిన అంకెలు. పైలట్ తొక్కవలసిన సమయంలో తొక్కలేదా, తొక్కినా విమానం వినలేదా అన్న భేదం ఇక్కడే తెలుస్తుంది. మొదటిది శిక్షణతో తీరుతుంది. రెండవదానికి విమానాన్నే మార్చాలి. ఈ రెండింటిని కలగాపులగం చేసి పైలట్‌ను దోషిని చేయడం పాతకాలపు అలవాటు. అంకెలు ఉన్నచోట దానికి తావు లేదు. స్పిన్ పరీక్షలకు పోయే విమానాలకు తోకన ప్రత్యేకమైన పారాచూట్ కట్టి పంపడం కూడా, విమానం వినకపోవచ్చునన్న ఎరుకతోనే.

ముక్కు చూసే దిశకూ, విమానం నిజంగా కదిలే దిశకూ రెండు బాణాలు గీసి చూపే సౌకర్యం కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉంది. మామూలుగా ఎగురుతున్నప్పుడు బాణాలు రెండూ దగ్గరగా ఉంటాయి. స్టాల్ సమీపించే కొద్దీ విడిపోతాయి. స్పిన్‌లో పూర్తిగా వేర్వేరు దారులు పడతాయి. విద్యార్థులకు స్టాల్ అంటే ఇంజను ఆగిపోవడం కాదని, గాలి రెక్కకు తగిలే కోణం హద్దు మీరడమని చెప్పడానికి ఇంతకన్నా మంచి బొమ్మ లేదు.

సెల్‌ఫోన్ వీడియో తీర్పులు

2025 నవంబరు 21న దుబాయి వైమానిక ప్రదర్శనలో తేజస్ విమానం విన్యాసాల నడుమ కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ మరణించారు. ప్రేక్షకులు సెల్‌ఫోన్లలో తీసిన దృశ్యాలు చూస్తుండగానే లోకమంతా పాకాయి. ఇటువంటి వేళ సిమ్యులేటర్‌లో అటువంటి విన్యాసాన్ని తాము చేసి చూపి, కారణం ఇదేనని తేల్చేవారు బయలుదేరుతారు. పైన చెప్పిన విషయాలు తెలిసినవారికి ఆ తీర్పుల బలమెంతో తెలుస్తుంది. సెల్‌ఫోన్ దృశ్యం నేలపై ఒక్క చోటి నుంచి తీసినది. దానిలో కంటికి అడ్డంగా జరిగే కదలిక తెలుస్తుంది కానీ కంటి వైపుకో, కంటి నుంచి దూరంగానో జరిగే కదలిక తెలియదు. దూరం తెలియనిదే ఎత్తు తెలియదు. ఎత్తు తెలియనిదే వేగం తెలియదు. రెండు వేర్వేరు చోట్ల నుంచి తీసిన దృశ్యాలను కాలం కలిపి చూస్తే కొంత లెక్క కట్టవచ్చు. విమానంలోని నమోదు పరికరం దొరికేవరకు మిగిలినది ఊహే.

ఇంట్లో, బడిలో అభ్యాసం

ఈ విద్యను చవిచూడడానికి విమానం అక్కరలేదు. ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్ ఉచితం. దాని మూలపాఠం కూడా అందరికీ బహిరంగం. దాని పట్టికలలో తెలుగు మాట కనబడదు గనుక తెలుగు మాధ్యమపు పిల్లలకు తొలిరోజుల్లో ఉపాధ్యాయుల తోడు అవసరం. నాలుగైదు మీటలు తెలిస్తే మిగిలినది వారే పట్టుకొంటారు. వీ అక్షరపు మీట నొక్కిన కొద్దీ దృశ్యాలు వరుసగా మారతాయి. కాక్‌పిట్, హెలికాప్టర్, చేజ్, టవర్, పక్క నుంచి దూసుకుపోయే ఫ్లై-బై దృశ్యాలు అందులో ఉన్నాయి. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే వెనుకకు వస్తాయి. ఎక్స్ మీట దృశ్యాన్ని దగ్గరకు లాగుతుంది, షిఫ్ట్‌తో కలిపితే వెడల్పు చేస్తుంది. కంట్రోల్‌తో కలిపి నొక్కితే కంటి వెడల్పు మొదటి స్థితికి వస్తుంది. పోల్చి చూసే ముందు ఈ చివరిది నొక్కడం అలవాటు చేసుకోవాలి. కంట్రోల్, ఆర్ మీటలు కలిపి నొక్కితే అప్పటిదాకా ఎగిరినది తిరిగి నడుస్తుంది. పీ మీటతో ఆపుకోవచ్చు.

ఇందులో మరొక మేలు ఉంది. సిమ్యులేటర్ నమోదులో భంగిమ, దారి, మీటల స్థానాలు అన్నీ ఉంటాయి. జీపీఎస్ ఊహల గొడవ లేదు. కనుక ఒకే లూప్‌ను చేసి, ముందు టవర్ దృశ్యంలో చూసి మార్కు వేసుకొని కాగితంపై రాసుకోవాలి. తరువాత హెలికాప్టర్ దృశ్యంలో చూసి మళ్లీ మార్కు వేయాలి. చివరకు కాక్‌పిట్‌లో కూర్చొని ఎక్కడ తప్పిందో వెదకాలి. ఈ వరుసను తిరగవేస్తే ఫలితం చెడుతుంది. ముందుగా కాక్‌పిట్‌లో కూర్చున్నవారు తమ తప్పుకు కారణం ముందే చెప్పుకొని, తరువాతి దృశ్యాలలో దానినే వెదుక్కొంటారు. ఇద్దరు విద్యార్థులలో ఒకరు ఎగిరి, మరొకరు టవర్ దృశ్యం మాత్రమే చూసి మార్కు వేస్తే ఇంకా మంచిది.

పాత కంప్యూటర్లలో తిరిగి చూపేటప్పుడు బొమ్మ తడబడుతూ నడవవచ్చు. అటువంటప్పుడు నేల చిత్రాల వివరాన్ని, మబ్బులను తగ్గించుకొంటే సరిపోతుంది. క్షితిజరేఖ, రన్‌వే కనబడితే ఈ అభ్యాసానికి అంతకు మించి అక్కరలేదు.